పిచ్చుక బాకీ

ఈ సంవాదంలో మాట్లాడే ఇద్దరూ కల్పిత పాత్రలు. ఒకరు కుప్పంలో చాలా ఏళ్ళు తెలుగు పాఠం చెప్పి రిటైరైన అయ్యవారు. ఇంకొకరు మదనపల్లెలో జీవశాస్త్రం చెప్పే టీచరమ్మ, ఆయన కంటే బాగా చిన్నది. ఇద్దరి దారిలోనూ పుంగనూరు ఉంది కాబట్టి అక్కడ కూర్చోబెట్టాను. పాత్రలు కల్పితమైనా వాదాలు కల్పితం కావు. పాత చిత్తూరు జిల్లా పడమటి తాలూకాల్లో పిచ్చుక మాట వస్తే ఈ రెండు ధోరణులూ వినబడుతూనే ఉంటాయి. నా మొగ్గు ఎటుందో దాచే ప్రయత్నం చెయ్యలేదు. అయినా టీచరమ్మ అభ్యంతరాల్లో గట్టివాటిని గట్టిగానే ఉంచాను. ఓడిపోవడానికే పుట్టిన ప్రతివాదితో సంవాదం నడపడం కంటే తిన్నగా ఉపన్యాసం ఇవ్వడం మేలు.

టీచరమ్మ: మార్చి 20 వస్తుందంటే నాకు దిగులు, అయ్యవారూ. 2010 నుంచి ఆ రోజును ప్రపంచ పిచ్చుకల దినం అంటున్నారు కదా, బళ్ళల్లో పిల్లల చేత వ్యాసాలు రాయిస్తారు. దాదాపు అన్నీ ఒకే అచ్చు. చిట్టి పిచ్చుక, బుజ్జి పిచ్చుక, పాపం పిచ్చుక. ఈ జాలి ఎక్కడిదని వెతికితే మన సాహిత్యంలో నాకు ఆధారం దొరకలేదు. హంసకు నలుడి కథ ఉంది, శ్రీనాథుడి శృంగార నైషధం ఉంది. చిలక్కి శుకసప్తతి ఉంది. కోకిలకు చెప్పనే అక్కర్లేదు, విశ్వనాథ దానికి పెండ్లి కూడా చేశాడు. జాషువా గిజిగాడి మీద పద్యాలు రాశాడు, 1941లో గబ్బిలానికి ఏకంగా కావ్యమే ఇచ్చాడు. మన చూరులో కాపురముండే పిచ్చుకకు మాత్రం పీట వెయ్యలేదు. దానికి మిగిలింది ఒక్క సామెత, పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. అందులోనూ అది అల్పత్వానికి కొలబద్ద. కన్నడంవాళ్ళు కూడా గుబ్బి మీద బ్రహ్మాస్త్రం అనే అంటారు. కాబట్టి పిచ్చుక మన సంస్కృతికి ప్రతీక అనడం నిన్నమొన్నటి మాట అని నా వాదం. దాన్ని పక్షిగా చూద్దాం, ప్రతీకగా మోయడం మానేద్దాం.

అయ్యవారు: కావ్యాల్లో లేదన్న మాట ఒప్పుకుంటానమ్మా. కానీ లేకపోవడానికి కారణం చిన్నచూపు కాదు, ఆ పక్షి స్వభావం. నువ్వు చెప్పిన పక్షులు కావ్యంలోకి ఏ పని మీద వచ్చాయో చూడు. హంస నిషధ నుంచి విదర్భకు కబురు మోసింది. చిలక రాత్రికో కథ చెప్పి ఇల్లాలిని గడప దాటకుండా ఆపింది. కోకిల పాడింది. పిచ్చుక పాడదు, పలకదు, కబురు మొయ్యదు. జీవశాస్త్రం నీది కాబట్టి నువ్వే చెప్పాలి, అది పుట్టినచోటు నుంచి ఒకటి రెండు కిలోమీటర్లు దాటిపోవడం అరుదు కదా? కదలని పక్షిని ఏ కవి దూతగా పంపుతాడు? ఇక గబ్బిలం సంగతి వేరు. గుడి గడప తొక్కనివ్వని మనిషి తన మొర శివుడికి వినిపించాలి. లోపల తలకిందులుగా వేలాడుతూ, లోకం అశుభమని తరిమే ప్రాణే ఆ మొర మొయ్యడానికి తగినది. పిచ్చుక కూడా గుళ్ళోకి పోతుంది, కానీ దాన్ని ఎవరూ అశుభమనరు. జాషువా దాన్ని తీసుకుని ఉంటే కావ్యం నరం తెగిపోయేది. కాబట్టి కావ్యాల లెక్క పక్కనపెట్టి కథల లెక్క చూడు. మహాభారతం శాంతిపర్వంలో పూజని అనే పక్షి ఉంది. కాంపిల్య నగరంలో బ్రహ్మదత్తుడి అంతఃపురంలో చాలాకాలం కాపురముంది. రాణికి కొడుకు పుట్టినప్పుడే దానికీ పిల్ల పుట్టింది. రోజూ సముద్రతీరానికి పోయి రెండు పళ్ళు తెచ్చి ఒకటి తన పిల్లకు, ఇంకొకటి రాకుమారుడికి పెట్టేది. ఆ పండు తిని బలిసిన రాకుమారుడు ఒకనాడు దాని పిల్లను చంపేశాడు. పూజని వాడి కళ్ళు పొడిచేసి వెళ్ళిపోబోయింది. రాజు వచ్చి, మా తప్పుకు నువ్వు బదులు తీర్చుకున్నావు, చెల్లుకు చెల్లు, ఇక్కడే ఉండమన్నాడు. ఒకసారి వైరం పుట్టినచోట మళ్ళీ నమ్మకం కుదరదని అది ఒప్పుకోలేదు. రాజనీతి అడిగిన ధర్మరాజుకు భీష్ముడు ఈ కథ చెప్తాడు. ఇందులో నీ పిల్లలు రాసే పాపం పిచ్చుక ఎక్కడుంది?

టీచరమ్మ: కథ బాగుంది. కానీ పూజని అంటే ఆడపిచ్చుక అని చెప్పేది నిఘంటువు. కథలో అది అన్ని ప్రాణుల భాషలూ తెలిసిన వింత పక్షి, సముద్రం దాకా పోయి పళ్ళు తెచ్చే పక్షి. ఒకటి రెండు కిలోమీటర్లు దాటదని మీరే ఇప్పుడన్నారు. మీకు నచ్చిన కథ పట్టుకున్నారు, నచ్చనివి వదిలేశారు. అమరకోశం చటకాన్నీ కలవింకాన్నీ పిచ్చుకకే పేర్లుగా చెప్తుంది. ఆ కలవింకం పుట్టుక తైత్తిరీయ సంహితలో ఉంది. త్వష్ట కొడుకు విశ్వరూపుడికి మూడు తలలు. ఇంద్రుడు వాటిని నరికితే సోమం తాగే తల కపింజలమైంది, అన్నం తినే తల తిత్తిరి అయింది, కల్లు తాగే తల కలవింకమైంది. అంటే మన పిచ్చుక తాగుబోతు తలలోంచి పుట్టింది. చరకసంహిత వాజీకరణ అధ్యాయంలో చటక మాంసం ఉంటుంది. మీ కుప్పం పొలిమేర దాటితే తమిళనాడు, అక్కడ చిట్టుకురువి లేహ్యం పేరు వినని మనిషి ఉండడు, అది ఎందుకు వాడతారో తెలియని మనిషీ ఉండడు. గ్రీకుల్లోనూ ఇదే వరస. కామదేవత అఫ్రొడైటీ రథాన్ని సాఫో కవితలో లాగుకొచ్చేవి పిచ్చుకలే. నిజానికి ఇందులో కల్పన తక్కువ. కాన్పుల కాలంలో పిచ్చుకలు రోజుకు ఎన్నిసార్లు జతకడతాయో చూసినవాళ్ళకు ఆ ప్రతీక ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. ఇంత గడుసు చరిత్రను పక్కనపెట్టి ఒక్క పూజనిని ముందుకు తేవడం ఏం న్యాయం?

అయ్యవారు: దాచలేదమ్మా, నీ వంతు రానీ అని ఆగాను. కలవింకం కథ ఇంకా ముందుకు పోయింది. అదే పేరు బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాన్ చేరి, అక్కడ మనిషి తల, పక్షి ఒళ్ళు కలిసిన స్వర్గపు గాయని అయిపోయింది. కల్లు తల ఎక్కడ, స్వర్గంలో పాట ఎక్కడ! పేరు ఇంటికి దూరమయ్యేకొద్దీ పక్షిని వదిలేసి ఎటంటే అటు పోతుందని దానివల్ల తెలుస్తుంది. నేను పట్టుకోదలచింది పేరును కాదు, ఇంటి దగ్గర చెప్పుకునే కథల్లో ఆ పిట్ట చేసే పనిని. పంచతంత్రం తీసుకో. చెట్టు మీద పిచ్చుకల జంట గూడు పెట్టుకుంటే, నీడకని వచ్చిన మదపుటేనుగు కొమ్మ విరిచింది, గుడ్లు చితికిపోయాయి. ఆడపిచ్చుక ఏడ్చింది నిజమే, కానీ ఏడ్చి ఊరుకోలేదు. వడ్రంగిపిట్టను, ఈగను, కప్పను కూడగట్టింది. ఈగ చెవిలో రొదపెడితే ఏనుగు హాయిగా కళ్ళు మూసింది, వడ్రంగిపిట్ట ఆ కళ్ళు పొడిచింది, దాహంతో తిరిగే గుడ్డి ఏనుగు కప్ప అరుపు విని నీళ్ళనుకుని గోతిలో పడింది. పిల్లలకు చెప్పే ఇంకో కథ ఉంది, మన దేశంలో చాలా భాషల్లో తిరుగుతుంది. పిచ్చుక గింజ కొయ్యలో ఇరుక్కుంటుంది. తియ్యమని వడ్రంగిని అడుగుతుంది, వాడు పొమ్మంటాడు. వడ్రంగిని దండించమని రాజు దగ్గరికి పోతుంది, రాజు వినకపోతే ఇంకొకరి దగ్గరికి. చివరికి ఎక్కడో ఒక చిన్న ప్రాణి కదిలితే అందరూ వరసగా కదిలి గింజ బయటికొస్తుంది. మూడు కథల్లోనూ అది జాలి అడగదు. తనకు రావాల్సింది అడుగుతుంది. పిల్లను చంపావు, గుడ్లు చితక్కొట్టావు, నా గింజ నీ కొయ్యలో ఉంది. మన కథల్లో పిచ్చుక దావా వేసే మనిషి. చిన్నదని కాదు, బాకీ వసూలు చేసుకునేదని అది మనకు గుర్తు.

టీచరమ్మ: అట్లయితే బ్రహ్మాస్త్రం సామెతను ఏం చేస్తారు? అందులో దావా లేదు, బాకీ లేదు. బలహీనమైన పిట్ట మాత్రమే ఉంది.

అయ్యవారు: ఆ సామెతను ఎవరి మీద వాడతామో గుర్తు తెచ్చుకో. సంతలో తోపుడుబండి పెట్టుకున్నవాడి మీదికి పోలీసు పటాలం పోతే అంటాం. చిన్న తప్పు చేసిన పిల్లవాణ్ణి హెడ్‌మాస్టరు బడి నుంచి తీసేస్తే అంటాం. ఆ మాటతో నవ్వులపాలయ్యేది పిచ్చుక కాదు, అస్త్రం పట్టుకున్నవాడు. అల్పత్వమే చెప్పాలంటే దోమ ఉంది, చీమ ఉంది, నల్లి ఉంది. వాటి మీద అస్త్రం వేస్తే మూర్ఖత్వం అవుతుందేమో గానీ అన్యాయం కాదు. పిచ్చుక మీద వేస్తే అన్యాయం. ఎందుకంటే అది ఇంటి మనిషి లెక్క. చరిత్రలో ఈ సామెతను అక్షరాలా ఆచరించిన ప్రభుత్వం కూడా ఒకటుంది. 1958లో చైనాలో ఎలుక, ఈగ, దోమలతో కలిపి పిచ్చుకను నాలుగో పీడగా ప్రకటించారు. జనం వీధుల్లో పళ్ళేలు, డబ్బాలు వాయిస్తూ వాటిని వాలనివ్వకుండా అలిసిపోయేదాకా తరిమి చంపారు. గింజలు తినే పిట్ట పోయింది, దాంతోపాటు పురుగులు తినే పిట్టా పోయింది. పంటల మీద పురుగు పెరిగింది. తర్వాత వచ్చిన కరువుకు ఇంకా పెద్ద కారణాలు ఉన్నాయిలే, అంతా పిచ్చుక ఖాతాలో వెయ్యను. కానీ 1960లో వాళ్ళే జాబితాలోంచి పిచ్చుకను తీసేసి ఆ చోట నల్లిని పెట్టారు.

ఇక్కడ నా మాట ఒకటి. ఈ జవాబు సగమే సరిపోతుందని నాకు తోస్తుంది. సామెత తప్పు పట్టేది విలుకాణ్ణే, నిజం. అయినా బ్రహ్మాస్త్రానికి ఎదురుగా నిలబెట్టడానికి ఒక చిన్న ప్రాణి కావలసి వచ్చింది, ఆ చిన్నదనం లేకపోతే సామెతే లేదు. అయ్యవారి వాదానికి అసలు బలం సామెతలో లేదు, పొలానికీ ఇంటికీ మధ్య తేడాలో ఉంది. టీచరమ్మ తెలిసో తెలియకో ఆయన్ను అటే నెట్టింది.

టీచరమ్మ: ఇంటి మనిషి అన్నారు కదా. మరి పొలంలో ఏమైంది ఆ చుట్టరికం? సజ్జ, జొన్న, కొర్ర, రాగి, ఏ కంకి పాలుపట్టినా గుంపులుగా దిగేది ఈ ఇంటి మనుషులే. వీటి కోసమే మంచె కట్టారు, వడిసెల తిప్పారు, దిష్టిబొమ్మ నిలబెట్టారు, పిల్లల్ని బడి మాన్పించి డబ్బా వాయించమని గట్టు మీద కూర్చోబెట్టారు. రైతు కంటికి అది దొంగ. సైన్సు కంటికీ అంతకంటే గొప్పది కాదు. మనిషి వ్యవసాయం మొదలుపెట్టాక వెంటబడి వచ్చిన పక్షి అది. గట్టి గింజ కొరకడానికి తగిన పుర్రె, పిండిపదార్థం అరిగించుకునే శక్తి, వీటికి సంబంధించిన జన్యువుల్లో మార్పులు ఉన్నాయని 2018లో వెలువడిన ఒక పరిశోధన చూపించింది. మన గాదె తిని మన గాదెకు అలవాటుపడ్డ పిట్ట. దీన్ని చుట్టరికం అనడానికి నాకు మనసొప్పదు.

అయ్యవారు: చుట్టరికం అని నేననలేదు, బాకీ అన్నాను. ఆ తేడా ఇక్కడే తెలుస్తుంది. పొలంలో వడిసెల తిప్పిన చెయ్యే ఇంటికొచ్చి చూరులో గూడు కదిలించదు. దూలం సందులోంచి గడ్డి సంగట్లో రాలినా, దేవుడి పటాల వెనక రెట్టవేసినా, అద్దం ముందు చేరి తన నీడతో తనే పోట్లాడుతూ పొద్దంతా టకటక కొట్టినా ఊరుకుంటారు. గూడు పెట్టిన పిచ్చుకను వెళ్ళగొడితే ఇంటికి మంచిది కాదంటారు. ప్రేమే అయితే పొలంలోనూ ఉండాలి. పగే అయితే ఇంట్లోనూ ఉండాలి. రెండూ కాదు. కంకి మీద ఉన్నంతసేపు అది నీది కాదు, తరుముతాను. పంట ఇల్లు చేరాక అందులో నీకు కొంత ఉంది. అందుకే కోతలయ్యాక మంచి వరికంకులు ఏరి కుచ్చులు కట్టి వాకిట్లోనో గుళ్ళోనో వేలాడదీశారు. గుప్పెడు నూకలు చల్లితే అది దానం. కంకుల్ని కుదురుగా అల్లి, దూలానికి కట్టి, ఎప్పుడొస్తావో అప్పుడు తిను అనడం వేరు. కళ్ళంలో వడ్రంగికి, కంసాలికి, చాకలికి, మంగలికి మేర కొలిచేవాళ్ళు కదా. ఈ కుచ్చు పిట్టకు కొలిచిన మేర అని నా ఉద్దేశం.

టీచరమ్మ: ఇప్పుడు దొరికారు. మేర అనేది మీరనుకున్నంత ముచ్చటైన మాట కాదు, అయ్యవారూ. ఏడాది పొడుగునా చాకిరి చేయించుకుని, కళ్ళంలో నిలబెట్టి, కొలిచేవాడి ఇష్టం మీద కొలిచిన గింజలు అవి. ఎవరికి ఎన్ని, ఎవరు ముందు, ఎవరు చివర, ఎవరు కళ్ళం బయట నిలబడాలి, అంతా కులం నిర్ణయించింది. ఆ ఏర్పాటులో పిచ్చుకకు చోటు దొరికిందని సంబరపడితే, మనుషులకు దొరకని మర్యాద పిట్టకు దొరికిందని చెప్పినట్టే. పాత పల్లె అంటే మీ తరానికి ఉన్న మమకారం ఇక్కడ బయటపడుతోంది.

అయ్యవారు: ఈ దెబ్బ తగిలింది, కాదనను. మేర న్యాయమైన పంపకమని నేననను. కానీ ఇదే విషయం నా కథలకు ఇంకో వెలుగు ఇస్తుంది, చూడు. గింజ కోసం వడ్రంగి దగ్గర్నుంచి రాజు దాకా తిరిగే పిచ్చుక కథను ఎవరు పుట్టించి ఉంటారు? కొలిచేవాళ్ళా, కళ్ళంలో నిలబడి అడిగేవాళ్ళా? అడిగితే పొమ్మనిపించుకుని, ఒక గడప నుంచి ఇంకో గడపకు తిరిగిన అనుభవం ఆ కథలో ప్రతి మలుపులోనూ ఉంది. పూజనిని చూడు. రాజు ఉండమంటాడు, చెల్లుకు చెల్లు అంటాడు, తియ్యగా మాట్లాడతాడు. అది నమ్మదు. బలవంతుడి తియ్యటి మాట ఎంత నమ్మదగినదో లెక్కగట్టుకుని వెళ్ళిపోతుంది. ఇవి పల్లెను పొగిడే కథలు కావు. సమానం కానివాళ్ళు ఒకే కప్పు కింద ఉండవలసి వచ్చినప్పుడు, ఏది ఎవరికి రావాలో తేల్చుకునే కథలు. మేర అన్యాయంగా కొలిచారనడం, అది రావలసిన బాకీ అని ఒప్పుకున్నాకే సాధ్యం. దయకు తూకం లేదు, బాకీకి ఉంది.

టీచరమ్మ: సరే, ఇంటి కథల్లో పిచ్చుక హక్కుదారే అనుకుందాం. అయినా అది మన ఒక్కరి సొత్తు కాదు. మీ ఊరి పక్కనే తమిళంలో భారతి దాన్ని స్వేచ్ఛకు గుర్తు చేసుకున్నాడు. కన్నడంలో తుమకూరు పక్కన ఒక ఊరి పేరే గుబ్బి. ఆ ఊరి పేరుతో వీరణ్ణ నడిపిన నాటక కంపెనీ దక్షిణాది అంతటా పేరు తెచ్చుకుంది. అక్కడ జనానికి గుబ్బి అంటే పిట్టకంటే ముందు నాటకం గుర్తొచ్చేది. బైబిలులో కాసుకు రెండు పిచ్చుకలు అమ్ముడుపోతాయి. మత్తయి లెక్క అది. లూకా దగ్గరికొస్తే రెండు కాసులకు అయిదు, అంటే అయిదోది కొసరు. ఆ కొసరు పిట్ట కూడా దేవుడి లెక్కలో ఉందని అక్కడ భావం. మిషనరీల ఆస్పత్రి, బళ్ళు ఉన్న మా మదనపల్లెలో ఆ వాక్యం వినని తరం లేదు. అది షేక్‌స్పియర్ హామ్లెట్‌లోకి పోయింది, అక్కడినుంచి సలీం అలీ 1985లో తన ఆత్మకథకు ద ఫాల్ ఆఫ్ ఎ స్పారో అని పేరు పెట్టుకున్నాడు. చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో కొట్టిన పిచ్చుక గొంతు కింద పసుపు మచ్చ చూసి, అదేమిటో తెలుసుకోవడానికి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పోయాడు. మా చదువంతా ఒక రకంగా ఆ రాలిన పిట్టతో మొదలైంది. ఒక్కో చోట ఒక్కో అర్థం ఉన్నప్పుడు మీ బాకీ అర్థమే అసలైనదని ఎందుకు ఒప్పుకోవాలి?

అయ్యవారు: అసలైనదని కాదమ్మా, మనకు పనికొచ్చేదని. బైబిలు పిచ్చుక దేవుడి లెక్కలో ఉంది, గొప్ప ఊహ. కానీ అందులో పిచ్చుకకూ నాకూ మధ్య వ్యవహారం లేదు. భారతి పిచ్చుక స్వేచ్ఛ. ఆయన మీద చెప్పుకునే కథలో మాత్రం ఇంట్లో వండడానికి తెచ్చిన బియ్యం పిచ్చుకలకు చల్లేశాడు, చెల్లమ్మ పొయ్యి ముందు ఏం చెయ్యాలో తోచక నిలబడింది. కవితలో స్వేచ్ఛ, వాకిట్లో బియ్యం. నాకు ఆ వాకిలి మీద ఆసక్తి. ఇప్పుడు పిల్లలు రాసే బుజ్జి పిచ్చుక ఈ దేనికీ చెందదు. అది చిన్నదనం మీద కొత్త మోజు. మనం కూర్చున్న ఈ ఊరి ఆవునే చూడు. పుంగనూరు ఆవు 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తు. వానలేని నేలలో కొద్దిపాటి మేతతో బతుకుతుందని, పాలలో వెన్న 8 శాతం దాకా ఉంటుందని రైతు పెట్టుకున్నాడు. అంతరించే దశకు వస్తే పలమనేరు పరిశోధన కేంద్రంలో మందను కాపాడారు. ఇప్పుడు ఊళ్ళల్లో దాన్ని సోఫా పక్కన నిలబెట్టి ఫొటోలు తీసుకుంటున్నారు. పని పోయింది, ముద్దు మిగిలింది. పిచ్చుకకు కూడా అదే జరుగుతోంది. ముద్దొచ్చేదానికి మనం ఏమీ బాకీ ఉండం, బుద్ధిపుడితే ఒక గిన్నె నీళ్ళు పెడతాం.

టీచరమ్మ: ఇది నేను ఒప్పుకుంటాను, నా కారణం వేరైనా. ముద్దు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. 2018లో వచ్చిన 2.0 సినిమా చూసి పిల్లలంతా సెల్ టవర్లే పిచ్చుకల్ని చంపాయని నమ్ముతున్నారు. దానికి గట్టి రుజువు లేదు. 2020లో వెలువడిన స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద ఊరపిచ్చుక సంఖ్య పాతికేళ్ళుగా దాదాపు నిలకడగానే ఉంది. తగ్గింది పెద్ద నగరాల్లో. 2012లో ఢిల్లీ దాన్ని రాష్ట్ర పక్షిగా ప్రకటించుకుంది, అంటే కనబడడం మానేసినచోట కిరీటం పెట్టారు. మా వైపు రిషివ్యాలీ లోయను 1991లో పక్షుల ఆశ్రయంగా ప్రకటించారు. అక్కడికీ హార్సిలీ కొండకూ దూరాల నుంచి వచ్చేవాళ్ళు పసుపుగొంతు పిగిలిపిట్ట కోసం వస్తారు. నిజంగా ఆపదలో ఉన్నది అది, దక్షిణాది రాతికొండలు తప్ప ఇంకెక్కడా లేనిది. దానికి సామెత లేదు, కథ లేదు, దినం లేదు. మీ బాకీ సిద్ధాంతం దాన్ని ఏం చేస్తుంది? ఇంట్లో ఉండదు కాబట్టి దానికి మనం ఏమీ ఇవ్వనక్కర్లేదా?

అయ్యవారు: దానికి నా దగ్గర కథ లేదు. కథలతోనే అన్నీ కాపాడగలమని నేననను. పిగిలిపిట్టకు నీ శాస్త్రం కావాలి, అడవిశాఖ కావాలి. నేను చెప్పేది మన చూరు వరకే. పిచ్చుక దేశమంతా నిలకడగా ఉందన్న నీ లెక్క నాకు సంతోషమే, నా వాదానికి అడ్డం కూడా రాదు. మదనపల్లె వీధుల్లో, కుప్పం బజార్లో వయసు మళ్ళినవాళ్ళు పిచ్చుకలు పోయాయని బాధపడుతుంటే, పక్షుల సంఖ్య తెలియక అంటున్నారని నువ్వు అనుకుంటావు. వాళ్ళు చెప్తున్నది సంఖ్య కాదు. కొట్టం పోయి, పెంకుటిల్లు పోయి, దూలాల మిద్దె పోయి, సందులేని సిమెంటు కప్పు వచ్చింది. సజ్జ, రాగి వేసిన చేలల్లో టమోటా వచ్చింది. పిచ్చుక పిల్లలకు మొదటి రోజుల్లో పురుగులే పెట్టాలని నువ్వే చెప్తావు, మందు కొట్టిన తోటలో ఆ పురుగు తక్కువ. ఇల్లు కట్టుకున్నప్పుడు మనం ఒకరికి చోటు తీసేశాం, ఆ సంగతి ఎవరితోనూ మాట్లాడి తీసెయ్యలేదు. వాళ్ళ బాధలో పక్షి మీద జాలి కంటే తెగని లెక్క ఒకటి ఎక్కువగా ఉంది.

టీచరమ్మ: ఏనుగు సంగతి కూడా చెప్పండి మరి. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి మీ కుప్పం వైపు ఏనుగులు వచ్చాయి, 1990లో కౌండిన్య అభయారణ్యం ప్రకటించారు. అప్పటినుంచి చేలు తొక్కుతూనే ఉన్నాయి, మనుషులూ పోయారు, ఏనుగులూ కరెంటు తగిలి పోయాయి. పంచతంత్రంలో ఏనుగు పిచ్చుక గూడు కూల్చింది. ఇక్కడ ఆ ఏనుగుకే మనం అడవి బాకీ ఉన్నాం. పంట పోయిన రైతుకు ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. మీ పద్ధతిలో ఎవరు వాది, ఎవరు ప్రతివాది?

అయ్యవారు: ముగ్గురూ వాదులే. ఆ లెక్క నావల్ల కాదు, ఒప్పుకుంటున్నా. రాగి చేను పోయిన మనిషి ముందు కూర్చుని పంచతంత్రం చెప్పేంత ధైర్యం నాకు లేదు. కానీ ఏనుగు విషయంలో కనీసం కాగితం ఉంది. పంట పోతే అర్జీ, కొలత, పరిహారం. ఆలస్యమైనా, చాలకపోయినా, అది బాకీ అని అందరూ ఒప్పుకున్నట్టే. పిచ్చుకకు ఆ కాగితం మన కథలు, మన చూరు, వాకిట్లో కంకుల కుచ్చు. అవి పోయాక మిగిలింది మార్చి 20 వ్యాసం.

టీచరమ్మ: ఈసారి వ్యాసం రాయించను. వీధి వీధీ తిరిగి లెక్క రాయిస్తాను. ఇంటి నంబరు, పిచ్చుకలు ఎన్ని, గూడు ఉందా లేదా, పొద్దున ఏ గంటకు చూశారు. ముందే చెప్తున్నా, ఆ పట్టికలో మీ పూజనికి గడి ఉండదు.

అయ్యవారు: వద్దులే. ఇంటి కప్పు ఏమిటో రాసుకోవడానికి మాత్రం ఒక గడి పెట్టించు. పెంకా, మిద్దెనా, రేకా, సిమెంటా. కట్టి ఎన్నేళ్ళయిందో కూడా.